నీరు చూడడం తెలిసిన బావ

నాకు పెళ్లయిన కొత్తలో, శ్రీకాకుళం జిల్లాలోని మా ఊళ్లో నాన్నతో కలిసి చేపల వేటకు వెళ్లేవాణ్ని. నాన్న మాత్రం ఏ సందేహం వచ్చినా మా అక్క భర్తనే అడిగేవాడు. "మా అల్లుడు నీరు సూసి సెప్తే తిరుగుండదు" అని నలుగురిలో అంటుంటే నాకు ఒళ్లు మండిపోయేది.

దసరా వెళ్లాక ఒక ఉదయం ఒడ్డున అలలు చిన్నగానే ఉన్నాయి. ఒక్కణ్నే పడవ దించుతుంటే బావ అడ్డొచ్చాడు.

"ఒరే, ఎల్లకు. గాలి దక్షిణం నుంచి వస్తన్నాది, లోపల నీరు దానికి ఎదురు పారతన్నాది. కెరటం నిలువుగా లేస్తాది."

"నీకొక్కడికే తెలుసేటి?" అని వెళ్లిపోయాను.

సముద్రం లోపల గాలీ నీటి పారుడూ ఎదురుపడే చోట కెరటాలు గోడల్లా ఒకదాని వెనకే ఒకటి లేచాయి. పడవలోకి నీళ్లొచ్చి ఇంజను ఆగిపోయింది. అంచు పట్టుకుని ఏడుస్తుంటే బావ పడవ కనిపించింది. ఆయన తాడు విసిరి, నీటి లాగుడు తక్కువగా ఉన్న పక్కకు నన్ను లాక్కెళ్లాడు. అక్కడా అదే గాలి, అలలు మాత్రం సగానికి తగ్గిపోయాయి.

ఒడ్డున నాన్న "ఏటయిందిరా?" అని అరిచాడు. నేను నోరు తెరిచేలోగా బావే, "ఇంజను మొరాయించింది మావా, ఆడి తప్పేటీ లేదు" అన్నాడు.

బతికి బయటపడ్డ ఆ క్షణంలో కూడా, అంత మంచితనం నాకెందుకు లేదని ఆయన మీద కుళ్లుకున్నాను. ఇప్పుడు ఆయన్ని అడగకుండా పడవ దించను. అడిగిన ప్రతిసారీ లోపల ఎక్కడో కొంచెం గుచ్చుకుంటూనే ఉంటుంది.