చక్రం ఆగిన మధ్యాహ్నం

ఆ వీధిలో ఆమెను అందరూ చక్రం అనేవాళ్లు. కుట్టుమిషను ముందు కూర్చుంటే లేచే మనిషి కాదు. లేచినా ఊరుకునేది కాదు, పొయ్యి మీద పాలు పొంగేలోపు రెండు బొత్తాలు కుట్టేసేది. తొలి కాన్పు, ఎనిమిదో నెల. కాళ్లకు నీరు పట్టి పెడల్ తొక్కలేకపోతుంటే భర్త మిషనుకు మోటారు బిగించాడు. ఆయన అద్దె కారు నడుపుతాడు. బేరాలు లేని రోజులు కాబట్టి ఇంట్లో ఇలాంటి మరమ్మతులన్నీ ఆయనవే.

ఊళ్లో సగం మంది మూతులకు మాస్కులు కుట్టిన మనిషికే కరోనా అంటుకుంది. ఇంతకంటే చోద్యం ఉంటుందా? రెండు రోజులు జ్వరం, కాస్త దగ్గు, అంతే. ఫోనులో డాక్టరమ్మ మందులు చెప్పి, "బిడ్డ కదలికలు గమనించుకోమ్మా. తగ్గాయనిపిస్తే ఆలోచించకుండా వచ్చెయ్" అంది.

ఆమెను మిషనుతో సహా వెనక గదిలో ఉంచారు. మాస్కుల పని మానేసింది గానీ చేతులు ఊరుకుంటేగా! మెత్తబడ్డ పాత దుప్పట్లు చింపి పుట్టబోయే బిడ్డకు చొక్కాలు కుట్టడం మొదలుపెట్టింది. బల్ల అంచుకు పొట్ట ఆనించి కూర్చోవడం ఆమెకు అలవాటు. అత్తగారు గుమ్మం అవతల పళ్లెం పెట్టి పూటపూటకీ అడిగేది.

"ఏమ్మా, కదులుతోందా?"

"కదలకేం అత్తయ్యా, ఒకటే గోల."

నాలుగో రోజు మధ్యాహ్నం కరెంటు పోయింది. మోటారు ఆగింది, బల్ల అదురు ఆగింది. పొట్టలో గోల కూడా ఆగింది. ఆమె చేతిలో చొక్కా చెయ్యి అలాగే ఉండిపోయింది. ఎడమవైపు తిరిగి పడుకుంది. నీళ్లు తాగింది. పొట్ట మీద తట్టింది. ఉలుకూ పలుకూ లేదు. పొద్దుటి నుంచీ, బహుశా నిన్నటి నుంచీ తాను బిడ్డ కదలిక అనుకున్నది మోటారు అదురేనని అప్పుడు తెలిసింది.

"ఏమండీ! కారు తియ్యండి!" అని ఆమె పెట్టిన కేకకు అత్తగారి చేతిలో గ్లాసు జారింది.

ఆసుపత్రిలో డాక్టరమ్మ పరీక్షించి, "ఈ జబ్బు కొందరిలో కడుపులో బిడ్డను పోషించే మాయను దెబ్బతీస్తుంది. మీ బిడ్డకు ప్రాణవాయువు సరిగా అందడం లేదు. ఇప్పుడే ఆపరేషను చేసి తీయాలి" అంది. ఆడపిల్ల. పుట్టగానే ఏడవలేదు. ఏడ్చే లోపు తల్లికి పై ప్రాణాలు పైనే పోయాయి. పిల్లను పై అంతస్తులో గాజుపెట్టెలో పెట్టారు. కరోనా వార్డు కింది అంతస్తులో ఉంది. మధ్యన రెండు వరసల మెట్లు, ఎక్కడానికి వీల్లేదు.

చక్రం మంచం మీద అటు దొర్లి ఇటు దొర్లి కుట్లు నొప్పి చేసుకుంది. నర్సు కనిపిస్తే చాలు, ఒకటే ప్రశ్న.

"కదులుతోందా?"

"అందరూ పాలు తాగిందా, బరువు పెరిగిందా అని అడుగుతారు. నువ్వేంటమ్మా, కదులుతోందా అంటావు?" అని విసుక్కుంది నర్సు. మనసు మంచిదే. మర్నాడు పైనుంచి ఫోనులో పిల్లను చూపించింది. గుప్పెడంత పిల్ల, ముక్కులో గొట్టం. చూస్తుండగానే బొమ్మ కదలడం మానేసింది. చక్రం కెవ్వుమంది.

"ఆగింది ఫోనమ్మా, పిల్ల కాదు!" అని అరిచింది నర్సు.

పిల్లకు జబ్బు రాలేదని పరీక్షలో తేలింది. పదకొండో రోజున తల్లిని పైకి రానిచ్చారు. మూడు వారాలకు ఇద్దరూ ఇల్లు చేరారు. చక్రం కుట్టిన ఒక్కో చొక్కాలో అలాంటి పిల్లలు ఇద్దరు పడతారు. అది చూసి అత్తగారు నవ్వింది గానీ ఆమె నవ్వలేదు. తన తప్పు తనకు తెలుసు. అది ఎప్పటికీ పోదని కూడా తెలుసు.

ముందు చేసిన పని, మోటారు ఊడదీయించడం. ఇప్పుడు మళ్లీ కాళ్లతోనే తొక్కుతోంది. ఉయ్యాల మిషను పక్కనే. కడుపులో విన్న చప్పుడు కదా, మిషను తిరిగినంతసేపూ పిల్ల హాయిగా నిద్రపోతుంది. ఒక్కో కుట్టు వరస పూర్తవగానే చక్రం కాలు ఆపేస్తుంది. గది నిశ్శబ్దమైపోతుంది. ఆమె చెయ్యి ఉయ్యాలలోకి పోతుంది.

"మళ్లీ ఆపావూ? పిల్ల లేస్తుందే!" అని కసిరింది అత్తగారు.

"లేవనివ్వండి అత్తయ్యా. ఒక్క తన్ను తన్నితే మళ్లీ తొక్కుతాను."