అవ్వకు చదివి వినిపించిన కార్డు

బందరు నుంచి తీరం వెంట ఊరూరూ తిరుగుతూ ఈ ఉదయమే పాండిచ్చేరిలో దిగాను. బజారులో ఒక గాజుల కొట్టు ముందు వీపు మీది సంచి దించి మంచినీళ్లు అడిగాను. నా తెలుగు వినగానే కొట్టులో కూర్చున్న అవ్వ సంచి వైపు అనుమానంగా చూసింది.

"ఏంది నాయనా, ఇంట్లో గలాటా చేసుకొని వచ్చేసినావా?"

ఊరికే చూడటానికి వచ్చానంటే నమ్మలేదు. ఇడ్లీలు పెట్టింది. తిన్నాక ఒక పోస్టుకార్డు చేతిలో పెట్టింది.

"అమ్మకు రాయి. రాసి నాకు చదువు. మా ఇంట్లో మాట్లాడేది తెలుగే గానీ అక్షరాలు ఎవురికీ రావు."

"క్షేమం. వచ్చే నెల వస్తాను" అని రాశాను. పైకి మాత్రం, "అమ్మా, రోజూ గుర్తొస్తున్నావు. నీ చేతి అన్నం లేక చిక్కిపోయాను" అని చదివాను.

అవ్వ కొంగుతో కళ్లు తుడుచుకుంది. "ఇంత ప్రేమ పెట్టుకొని యాడ తిరగతా ఉండావు?"

సాయంత్రం సముద్రం ఒడ్డున కూర్చుని కార్డు తీస్తే, దాదాపు అంతా ఖాళీయే. మీరు ఇంటికి రాసే కార్డులూ ఇంతేనా?

అవ్వకు చెప్పిన అబద్ధాలన్నీ ఆ ఖాళీలో రాశాను. ఒక్కటీ కొట్టేయాల్సి రాలేదు.