కనిపించలేదన్న కాగితం

మొన్న పొద్దున పక్కింటి కోడలు వచ్చి, తలుపు దగ్గరగా వేసి, కొంగు చాటు నుంచి ఒక కాగితం తీసి నా చేతిలో పెట్టింది. ఏడాదిగా హెచ్‌ఐవీ మందులు వాడుతున్న పిల్ల. ఈ వాడలో ఆ సంగతి నాకొక్కదానికే తెలుసు. రక్తంలో వైరస్ కనిపించలేదని అందులో రాసి ఉంది.

"పోయినట్టేనా పెద్దమ్మా? ఇగ గోళీలు ఆపొచ్చా?" అని అడిగింది. నేను ఆ కాగితాన్ని మళ్ళీ మొదటి నుంచి చదివాను, ఎందుకో ఆ పిల్లకు తెలియదు.

మణుగూరు వైపు అడవి పల్లెల్లో ఉన్నవాళ్ళకు వానాకాలపు చలిజ్వరాలు గుర్తుండే ఉంటాయి. ఆశా కార్యకర్తగా నేను వాగులు దాటి ఆ గూడేలన్నీ తిరిగేదాన్ని, నన్ను చూడగానే ఆడవాళ్ళు నవ్వుతూ వేళ్ళు దాచుకునేవారు. వేలికొసన పొడిచి గాజు పలక మీద రక్తపు చుక్క తీసి పంపడం, మలేరియా అని తేలితే మాత్రలు మింగించడం, మళ్ళీ పంపిన చుక్కలో ఏమీ కనిపించలేదని వస్తే ఇక తగ్గిపోయిందని చెప్పడం, అదే నా చదువు, నా గర్వమూ అదే.

బొగ్గు లారీ నడిపే మా ఆయనకు హెచ్‌ఐవీ అని తేలినప్పుడు ఆ చదువు ఎందుకూ కొరగాలేదు. ఒకే కంచం, ఒకే మంచం, అయినా నాకు లేదన్నారు, లేదంటూనే మూడు నెలలాగి మళ్ళీ రమ్మన్నారు. కొత్తగా సోకితే పరీక్షలో వెంటనే తెలియదని కౌన్సెలింగ్ గదిలో అమ్మాయి ఓపిగ్గానే చెప్పింది, కానీ బస్సెక్కేసరికి నా బుర్రలో అంతా కలగాపులగమైంది. రెండోసారీ లేదనే వచ్చింది. సంతోషించాలో, ఆయన మీద కోప్పడాలో, ఆయన ఏమైపోతాడోనని దిగులుపడాలో తెలియక ఊరికే ఏడ్చాను.

మందులు పట్టి ఆయన తేరుకున్నాడు. కొన్నాళ్ళకు వైరస్ కనిపించలేదని ఇలాంటి కాగితమే వచ్చింది. మందులిచ్చే ఖమ్మం దవాఖానాకు వెళ్ళి అడగాల్సింది, కానీ ఊరందరి కాగితాలూ చదివి చెప్పేదాన్ని నేనే కదా.

"ఏంది, తగ్గినట్టేనా?" అన్నాడు.

"అవ్, తగ్గింది. ఇగ ఆపెయ్" అన్నాను.

కొన్ని నెలలకు దగ్గు పట్టుకుంది, టీబీ అన్నారు. మాత్రలు మళ్ళీ మొదలుపెట్టినా ఆయన మళ్ళీ లారీ ఎక్కలేదు. ఆయన పోయాక డాక్టరును అడిగాను, మాత్రలు ఆపినందుకేనా, ఏళ్ళ తరబడి మింగిన బొగ్గు దుమ్ము వల్లనా అని. ఒక్కదాని మీదే తోసెయ్యలేమమ్మా అన్నాడాయన. నిజం చెప్పాడో, నన్ను ఓదార్చాడో ఇప్పటికీ అర్థం కాదు.

పక్కింటి కోడలితో మాత్రం, "నాకు తెల్వదు బిడ్డా. ఇయ్యాల్టి గోళీ మింగు, రేపు దవాఖానాకు పోయి అడుగుదాం" అన్నాను. మర్నాడు వెళ్ళాం. మందు అణచి ఉంచబట్టే వైరస్ కనిపించడం లేదని, మాత్ర ఆపితే మళ్ళీ లేస్తుందని, రోజూ వేసుకుంటే నిండు జీవితం బతకవచ్చని అక్కడ చెప్పారు. ఆ పిల్ల తిరుగు బస్సులో నా భుజం మీద నిద్రపోయింది.

ఇప్పుడు హెచ్‌ఐవీ అని తేలిన వెంటనే మందులిస్తున్నారు, ఆ జబ్బని తెలిసి దవాఖానా బెంచీ మీద మన పక్కనుంచి లేచిపోయేవాళ్ళూ తగ్గారు. నాకూ ఇన్నాళ్ళకు తెలియదని చెప్పడం వచ్చింది. ఆ మాట ఆ రోజు మా ఆయనతో అనలేకపోయాను.