బాపమ్మ మెడ తిప్పిన మధ్యాహ్నం

నా చిన్నప్పుడు గోకుందలో మా ఇంట్లో నోరున్న మనుషులు ఇద్దరే. ఒకరు మా నాన్నను కన్న బాపమ్మ, రెండోది నేను. మిగతావాళ్లు మా ఇద్దరి మధ్య సర్దుకుని బతికేవారు. తమ్ముడు పుట్టిన ఏడు మాకు పడిన గొడవ మాత్రం ఉత్త నోటి గొడవ కాదు. వాడి మెడ గురించి.

వాడి తల ఎప్పుడూ కుడి భుజం మీదికి వాలి, గడ్డం ఎడమకు తిరిగి ఉండేది. ఎడమ దిక్కు తప్ప ఇంకో దిక్కు చూసేవాడు కాదు. మొదట్లో అందరూ దాన్ని ముద్దనుకున్నారు. నెలలు గడుస్తున్నా వంకర పోకపోయేసరికి మాహూర్ అమ్మవారి మొక్కు తీర్చలేదు కాబట్టి అన్నారు. చివరికి కిన్వట్ దవాఖానకు ఎత్తుకుపోతే, మెడలో ఒక కండ పట్టేసింది, మెల్లగా సాగదీయాలి, నాందేడ్ పెద్ద దవాఖానలో ఎట్లాగో నేర్పుతారు అన్నాడు డాక్టరు. బాపమ్మకు అందులో వినబడింది ఒక్కటే మాట, సాగదీయాలి. దానికి నాందేడ్ దాకా ఎందుకంది. వారపు అంగడికి ఒక ముసలాయన వచ్చేవాడు, బెణికిన కాళ్లూ చేతులూ ఒక్క గుంజుతో సరిచేస్తాడని పేరు. రేపే అంగడి, పొద్దున్నే ఇంటికి పిలుస్తానంది.

అమ్మ పిల్లవాణ్ణి కొంగులో ఇంకొంచెం దాచుకుంది, అంతే. అత్తకు ఎదురుచెప్పే కోడలు కాదు మా అమ్మ. చెప్పింది నేను. మరాఠీ బడిలో లెక్కలకు శభాష్ అనిపించుకుంటున్న రోజులవి, ఆ పొగరు కూడా ఉంది. మా బడి పక్కన ఉండే పోరడి మోచేయి ఆ ముసలాయన గుంజినప్పటి నుంచి సరిగా వంగట్లేదన్నాను. డాక్టరు మెల్లగా అన్న మాట ఎటు పోయిందన్నాను. పొద్దున్నుంచీ అంటూనే ఉన్నాను. "ముందుగాల నీ నాలుక గుంజమంట ఆయనను," అంది బాపమ్మ. నేను గొంతు పెంచినకొద్దీ ఆమె పట్టు బిగిసింది. ఆ సంగతి నాకు కనబడుతూనే ఉంది, అయినా పెంచాను.

మధ్యాహ్నం రైలుకు ముద్ఖేడ్ నుంచి మా పెద్దమ్మ దిగింది, అమ్మకు సొంత అక్క. ఆమె చిన్న కొడుక్కి పుట్టుకతోనే ఇట్లాంటి మెడ ఉంటే, నాందేడ్‌లో నేర్చుకుని వచ్చి ఇంట్లోనే నెలల తరబడి చేసి బాగుచేసుకుంది. అందుకే దవాఖాన నుంచి వచ్చిన రోజే అమ్మ కబురు పెట్టింది. ముసలాయన సంగతి వాకిట్లోనే చెప్పేసి, ఇక పెద్దమ్మ బాపమ్మను కడిగేస్తుందని నేను గుమ్మంలో కూర్చున్నాను. పెద్దమ్మ చాయ తాగింది. పత్తి ఏరుడు అయ్యిందా అని అడిగింది. తమ్ముడి ఊసే ఎత్తలేదు. నాకు ఒళ్లు మండింది.

మా బాపమ్మది పత్తి మూటలూ కట్టెల మోపులూ మోసి మోసి బిగిసిన మెడ. ఎవరైనా పక్క నుంచి పిలిస్తే మనిషంతా తిరగాల్సి వచ్చేది. పెద్దమ్మ కాసేపు అది చూసి, "అత్తా, గిట్ల కూసో, జర కాపడం పెడ్త," అంది. వేడి నీళ్లలో తువ్వాల ముంచి పిండి మెడకు చుట్టింది. తర్వాత ఒక అరచేయి భుజం మీద, ఇంకోటి చెంప మీద పెట్టి మెల్లగా తిప్పింది. ఒక చోట మెడ ఆగింది. పెద్దమ్మ చేయీ ఆగింది. అక్కడ నొక్కలేదు, వెనక్కీ తీయలేదు. బాపమ్మ ఊపిరి వదిలాక ఇంకొంచెం తిప్పింది.

"ఎట్లున్నది అత్తా?"

"మంచిగున్నది బిడ్డా. గా గోడ మొకం సూడక ఎన్నేండ్లాయెనో."

"గిక్కడి నుంచి ఒక్క గుంజు గుంజితె మొత్తం అచ్చేస్తది. గుంజాల్నా?"

బాపమ్మ ఆమె మణికట్టు పట్టేసుకుంది. "సంపుతవా ఏంది నన్ను? ఇరుగుతది."

"ముదిరిన మెడకే గంత భయమైతె, పోరనిది ఇంక నిలవడని మెడ," అంది పెద్దమ్మ, చేయి తీయకుండా, గొంతు పెంచకుండా.

బాపమ్మ ఆమె మణికట్టు వదిలి, మనిషంతా తమ్ముడి దిక్కు తిరిగింది. తర్వాత అడిగింది, "వానికి ఏ దిక్కు తిప్పాలె?"

అప్పుడు పెద్దమ్మ తమ్ముణ్ణి తీసుకుంది. గోరువెచ్చని నీళ్లు పోసి ఒళ్లు వెచ్చగా ఉన్నప్పుడే, ఇంకా పాలు తాగక ముందు వెల్లకిలా పండబెట్టింది. భుజం లేవకుండా ఒక చేయి, తల వెనక ఇంకో చేయి. గడ్డం కుడి భుజం దిక్కు కొద్దికొద్దిగా. వాడు బిగుసుకున్నా, ఏడ్చినా వదిలేయాలి, మళ్లీ సాయంత్రం చూసుకోవాలి అంది. తొట్టెల తల దిక్కు మార్పించింది. వాకిలి వెలుతురు చూడాలంటే వాడు కుడికి తిరగక తప్పదు. ఆ దిక్కున నన్ను కూర్చోబెట్టి, "నువ్వు ఎట్లాగూ ఊకోవు, వానితోని మాట్లాడు," అంది.

మర్నాడు అంగడి ముసలాయనను బాపమ్మే వెనక్కి పంపింది. ఆ వారంలోనే నాందేడ్ పోయాం. అక్కడివాళ్లు చూసి, అమ్మ చేయి పట్టుకుని సరిచేసి నేర్పారు. నెలలు పట్టింది, కానీ మెడ నిలబడింది. ఇప్పుడు ఫోన్లో వీడియో చూసి పసివాళ్ల మెడ మీద చేయి వేసేవాళ్లతో నాకు రోజూ గొడవే. డాక్టరుకు చూపించకుండా ముట్టుకోవద్దంటే నన్నే గయ్యాళి అంటారు. అననీ.

ఆ మధ్యాహ్నం నేను పెద్దమ్మ చేతుల్నే చూస్తూ కూర్చున్నాను. చాలా ఏళ్ల తర్వాత, పక్షవాతం వచ్చిన మా అత్తగారి మెడకు దవాఖానవాళ్లు చేతులు కాదు, మొహం చూడమంటూ నాకు కసరత్తు నేర్పినప్పుడు గాని తెలియలేదు, పెద్దమ్మ తన చేతుల్ని ఒక్కసారీ చూసుకోలేదని. ఆమె కళ్లు మొత్తం సేపూ ఎదుటి మొహం మీదే ఉన్నాయి. కనుబొమ ముడిపడిందంటే అక్కడికి చాలని. వాదించడం నేను మానలేదు, మానే ఉద్దేశమూ లేదు. కాకపోతే ఇప్పుడు మొహం చూస్తూ వాదిస్తాను. అక్కడ ముడి కనబడగానే కాసేపు నోరు మూసుకుంటాను. ఓడిపోయిందనుకుంటే అనుకోనీ, వాళ్లు ఊపిరి తీసుకోవాలి కదా.