ల్యాప్‌టాప్‌కు బొట్టు

సాయంత్రం ఐదు కాగానే లూదియా టీచరు ల్యాప్‌టాప్‌కు బొట్టు పెడుతుంది. తెర పైఅంచున, సరిగ్గా నడుమ ఉండే కెమెరా కంటి మీద ఎర్ర బొట్టు బిల్ల అతికించి, బొటనవేలితో ఒత్తి, వంకర పోలేదు కదా అని కాస్త వెనక్కి జరిగి చూసుకుంటుంది. అరవై ఏళ్లలో తన నుదుటికి ఒక్కనాడూ బొట్టు పెట్టుకోని మనిషి ఆమె. తాతల నాటి నుంచీ ప్రొటెస్టెంటు కుటుంబం. భర్త ఇమ్మానుయేలు ఆళ్లగడ్డలో వాళ్ల సంఘానికి పెద్ద.

ఈ అలవాటు ఒక టవల్ వల్ల వచ్చింది.

బడిలో తెలుగు చెప్పి రిటైరయ్యాక లూదియాకు ఇంట్లో పొద్దు పోలేదు. నంద్యాలలో ఒక సంస్థ ఇంటి నుంచే జవాబు పత్రాలు దిద్దే పని ఇస్తుందని విని చేరింది. పత్రాలు తెర మీదకే వస్తాయి. ల్యాప్‌టాప్ వాళ్లదే. దిద్దుతున్నది ఆమేనా, ఇంకొకరా అని తేల్చుకోవడానికి అందులోని కెమెరా పది నిమిషాలకొక ఫోటో తీస్తుంది. లూదియాకు అదేమీ పట్టలేదు. ముప్పై ఏళ్లు ఎర్రసిరా అంటిన వేళ్లకు మళ్లీ పిల్లల తప్పులు దొరికాయి. అన్నం తినేటప్పుడు కూడా సంధులు, సమాసాలే మాట్లాడేది.

మూడో వారంలో ఆ ఆఫీసులో పనిచేసే షాలిని ఫోను చేసింది.

"మేడం, నిన్న పొద్దున ఏడూ ఇరవై ఫోటోలో మీ ఎనకాల ఒక సార్ ఉండారు. గదిలో రెండో మనిషి ఉండకూడదు మేడం."

"మా సారేలేమ్మా. ఏం చేస్తాండాడు?"

"బస్కీలు తీస్తాండారు మేడం. ఒట్టి టవల్ మీద."

ఇమ్మానుయేలు డ్రిల్లు మాస్టరుగా చేసి రిటైరైనవాడు. స్నానానికి ముందు యాభై బస్కీలు తీయనిదే ఆయనకు తెల్లవారినట్టు కాదు. అదే మనిషి ఆదివారం వస్తే తెల్లచొక్కాకు గొంతుదాకా గుండీలు పెట్టుకొని సంఘం ముందు నిలబడతాడు. తన టవల్ నంద్యాల చేరిందని విని కుర్చీలో కూలబడ్డాడు.

"ఆ ఫోటో యాడికి పోయిందో కనుక్కో ముందు," అన్నాడు.

లూదియా మరునాడే నంద్యాల బస్సెక్కింది.

"కెమెరా లేని ల్యాప్‌టాప్ ఒకటి ఇయ్యమ్మా," అని షాలినిని అడిగింది.

"అట్లాంటివి ఇప్పుడు యాడా దొరకవు మేడం. పుట్టేటప్పుడే కన్నుతో పుడతాయి."

"మా సారు ఫోటో?"

"సర్వర్‌లో ఉంటాది."

"అది యాడుంటాది?"

"నాకూ తెల్దు మేడం."

"పని ముగిసినాక కూడా చూస్తాంటాదా?"

"లేదు మేడం. కెమెరా పక్క లైటు ఆరితే నిద్రపోయినట్టే."

లూదియా నమ్మలేదు. పరీక్ష హాల్లో కునుకు తీస్తున్నట్టు కళ్లు మూసుకొని, చీటీలు పట్టిన టీచరు ఆమె.

మూత మూద్దామంటే సాయంత్రం నుంచి మరునాటి పత్రాలు దిగుతుంటాయి, మూయకూడదు. వేరే గదిలో పెడదామంటే నెట్టు తీగ అందేది నడిమింట్లోనే. మందుల ప్లాస్టరు ముక్క అతికించి చూసింది. పొద్దున పీకితే జిగురు మిగిలింది. ఫోటో మసకబారింది. 'ముఖం సరిపోలేదు' అంది యంత్రం. ఇంకొక్కసారి అట్లా అయితే పని పోతుందని షాలిని చెప్పింది.

దారి చూపింది పక్కింటి కమలవల్లి. ఆమె భర్త అహోబిలం గుళ్లో కొలువు చేస్తాడు. బొట్టు బిల్లల అట్ట ఒకటి తెచ్చి లూదియా చేతిలో పెట్టింది.

"ఇవి పెట్టక్కా. తీస్తే మరక మిగలదు. పొద్దున తీసి అద్దానికి అతికించుకుంటే సాయంత్రానికి మళ్లీ పనికొస్తాది. మేమందరం చేసేది అదే."

"మనింట్లో బొట్ల అట్టా?" అన్నాడు ఇమ్మానుయేలు. రెండు రోజులు ఆలోచించి ఒక షరతు పెట్టాడు. "సంఘంలో ఒక్కరికి తెలిసినా సరే, మర్నాడే ఆ ల్యాప్‌టాప్ నంద్యాలకు పోవాల."

లూదియా ఒప్పుకుంది. అట్ట కందిపప్పు డబ్బాలో దాచింది. అద్దం వసారాలో ఉంది, ప్రార్థనకు వచ్చిన వాళ్లందరూ దాన్లోనే తల దువ్వుకుంటారు. కాబట్టి పొద్దున తీసిన బిల్లను పెన్నుల డబ్బాకు అతికించేది.

ఒక శనివారం ఆమె బిల్ల తీస్తుండగా బయట గ్యాసు బండి హారను కొట్టింది. చేతికందిన దానికి బిల్ల అతికించి పరుగెత్తింది. సాయంత్రం అది కనబడకపోతే అట్టలోంచి ఇంకొకటి తీసుకుంది.

ఆదివారం ఆరాధనలో పాట ఎత్తేది ఇమ్మానుయేలే. ఆయనకు దగ్గరి చూపు ఆనదు. పుస్తకం చేయి చాచి పట్టుకుంటాడు. నల్లటి అట్ట జనం వైపు తిరిగింది. దాని నట్టనడుమ ఎర్రటి బొట్టు.

ఆడవాళ్ల వరుసలో దగ్గులు మొదలయ్యాయి. లూదియా చూసి, ముసుగు కళ్లదాకా లాక్కుంది. తన శ్రుతి తగ్గినందుకే దగ్గుతున్నారనుకొని ఇమ్మానుయేలు గొంతు పెంచాడు. గొంతుతో పాటు పుస్తకాన్నీ పైకెత్తాడు.

ఆరాధన ముగిశాక స్త్రీల సమాజానికి పెద్ద హన్నమ్మ గుమ్మం దగ్గర నిలేసింది. "ఏమప్పా ఇమ్మానుయేలూ, పాటల పుస్తకానికి పేరంటమేమన్నా చేసినారా?"

ఆయన అప్పుడు అట్ట తిప్పి చూసుకున్నాడు.

ఇంటి గడప దాటాక లూదియా అంది. "మోసుకపోయింది మీరే కదా."

"పెట్టింది నువ్వే కదా."

మాట మాటే. లూదియా ల్యాప్‌టాప్‌ను సంచిలో సర్దింది. సోమవారం మొదటి బస్సు. ఇంకా దిద్దని పత్రాలు పన్నెండు మిగిలాయి. ఆ పిల్లల్లో ఒకడు చక్కగా రాశాడు. వాడికి ఎన్ని మార్కులు వేసేదో ఇక ఎవరికి తెలుస్తుంది అనుకుంటూ సంచి పక్కనే కూర్చుంది.

మధ్యాహ్నం హన్నమ్మ వచ్చింది. సంజాయిషీ అడగడానికే అనుకొని ఇమ్మానుయేలు లేచి నిలబడి, టవల్ సంగతి మింగి, మిగతాదంతా చెప్పుకున్నాడు. హన్నమ్మ నవ్వలేదు.

"అంటే మూత తెరిచి పెడితే మనల్ని చూస్తాంటాదా?"

"చూస్తాదో లేదో ఎవురికీ తెల్దు," అంది లూదియా.

"మా కోడలు ఎలిజబెత్‌ది ఒకటి నా మంచం ఎదురుగానే ఉంటాది, ఎప్పుడూ నోరు తెరుచుకొని." హన్నమ్మ గొంతు తగ్గించింది. "రెండేండ్లుగా దాని ముందరే చీర మార్చుకుంటాండా."

ఇమ్మానుయేలు నేల చూస్తూ వంటింట్లోకి పోయి, కందిపప్పు డబ్బాలోంచి అట్ట తీసి, పొట్టు దులిపి తెచ్చి ఆమెకు అందించాడు.

"ఎర్రవేనా? నల్లవి లేవా? నల్లవైతే ఎవురూ అడగరు."

"కమలవల్లిని అడిగి తెప్పిస్తాలే," అంది లూదియా.

"మా సమాజంలో ఎవురికీ చెప్పద్దండప్పా," అని హన్నమ్మ రెండు బిల్లలు కొంగున ముడేసుకొని పోయింది.

లూదియా సంచి వైపు చూసింది. "సంఘంలో ఒకరికి తెలిసింది కదా. రేపు తీసుకపోవాల్నా?"

"తెలిసిన మనిషి ముడేసుకొని పాయె గదా. ఇంక ఎవురికి చెప్తాది," అని ఇమ్మానుయేలు సంచి జిప్పు లాగి ల్యాప్‌టాప్ బయటికి తీశాడు.

లూదియా ఇప్పుడు రోజుకు నలభై పత్రాలు దిద్దుతుంది. ఇమ్మానుయేలు బస్కీలు పెరట్లో తీస్తాడు, చొక్కా తొడుక్కొని.