ఘాటీ దిగే బండికి ఏ బ్రేకు షూ?

2022 వానాకాలం. ఒడిశాలోని కొరాపుట్‌లో మా స్కూటర్ స్పేర్ పార్టుల కొట్టుకి ఆ రోజుల్లో గిరాకీ అంతా బ్రేకులదే. మా నాన్న సాలూరు నుంచి వచ్చి సైకిల్ సామాన్లతో పెట్టిన కొట్టు అది. నా చేతికి వచ్చాక స్కూటర్ల వైపు మళ్ళించాను. దామంజోడి టౌన్‌షిప్ ఉద్యోగస్థులు, మున్సిపాలిటీలో పనిచేసే మన తెలుగువాళ్ళు, సంతకు వచ్చే పల్లెవాళ్ళు, ఎవరు వచ్చినా కౌంటర్ దగ్గర అడిగే మొదటి మాట ఒక్కటే: "కంపెనీదా, డూప్లికేటా?"

ఆ మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. ఎందుకంటే ఆ రెండింటికీ నడుమ మూడోది ఒకటుంది. బండి తయారుచేసిన కంపెనీ తన పేరుతో, తన డబ్బాలో పెట్టి అమ్మేది జెన్యూన్ పార్ట్. వేరే కంపెనీ అదే కొలతకు చేసి, దాపరికం లేకుండా తన సొంత పేరుతో అమ్మేది ఆఫ్టర్‌మార్కెట్. వీటిలో మంచివీ ఉంటాయి, నాసిరకాలూ ఉంటాయి. అసలు కంపెనీ డబ్బాకి నకలు కొట్టి లోపల చెత్త పెట్టేది డూప్లికేట్. అది దొంగసరుకు, మా గడప తొక్కనివ్వను. అద్దాలు, ఫుట్‌మ్యాట్లు, సీటు కవర్ల వంటివి ఆఫ్టర్‌మార్కెట్‌వి వేసుకోమని నేనే చెబుతాను. బ్రేకు దగ్గరికి వచ్చేసరికి మాత్రం నేను వాడి చూసిన పేరైతేనే చేతిలో పెడతాను.

కళావతి అలాగే ఒక జత బ్రేకు షూలు తీసుకువెళ్ళింది. చక్రం మధ్యలో ఉండే గిన్నెలాంటి డ్రమ్ లోపలి గోడకు ఒరుసుకుని బండిని ఆపేవి ఈ షూలు. కళావతి ఇంట్లో చేగోడీలు, జంతికలు చేసి, డబ్బాలకెత్తి, స్కూటర్ మీద ఘాటీ దిగి జయపురం దుకాణాలకు వేస్తుంది. ఇక్కడ కొండదారిని ఎవరూ ఘాట్ రోడ్డనరు, ఘాటీ అంటారు. ఆమె భర్త సత్యం పూర్వం లారీ డ్రైవరు. ఆ ఘాటీలోనే లారీకి బ్రేకులు పట్టక కొండకు గుద్దుకుని, కాలు నుజ్జయింది. అప్పటినుంచి స్టీరింగ్ వదిలేసి చేగోడీలు చుడుతున్నాడు. నోరు మాత్రం ఇంకా లారీ హారనే.

నెల తిరక్కుండానే కళావతి వచ్చి బ్రేకు పట్టడం లేదంది. నేనిచ్చింది పేరున్న ఆఫ్టర్‌మార్కెట్ సరుకు. అయినా ఆడమనిషి కొండదారిలో తిరిగేది, ఎందుకొచ్చిన గొడవని ఈసారి జెన్యూన్ షూలు వేయించాను. కొన్నాళ్ళకి మళ్ళీ వచ్చింది. ఈసారి మోచేతికి కట్టుంది, పక్కన సత్యం ఉన్నాడు.

"ఏటి సావుకారూ, కంపెనీదని సెప్పి ఏటి అంటగట్టేవు? నిన్న ఇది లోయలోకి ఎల్లిపోయేదే. మట్టిగుట్టకి గుద్దుకుని ఆగింది గాబట్టి బతికింది," అన్నాడు సత్యం. బజారంతా విన్నది.

"నా కొట్లో డూప్లికేటు దొరికితే ఈ గళ్ళాపెట్టి నీకే ఇచ్చేత్తాను. ముందు సక్రం ఇప్పనీ," అన్నాను. నా గొంతూ తక్కువదేం కాదు.

"ఇప్పుతావో కప్పుతావో. నాను బండి అమ్మేత్తాను. ఇంక సాలు."

కళావతి అంతవరకూ నేల చూపులు చూస్తున్నదల్లా తలెత్తింది. "అమ్మేత్తే జయపురం దుకాణాలకి సరుకెవులు ఏత్తారు? బస్సోడు డబ్బాలు ఎక్కనివ్వడు. ఇంక నాను కూడా ఇంటికాడ కూకుంటే పొయ్యి ఎలాగెలుగుతాది?" అంది. సత్యం మొహం పక్కకి తిప్పుకున్నాడు.

చక్రం విప్పించాను. షూ మీద ఉండే లైనింగ్, అంటే అసలు ఒరుసుకునే పట్టీ, గరుకుగా ఉండాల్సింది పోయి నున్నగా అద్దంలా మెరుస్తోంది. మా వ్యాపారంలో దీన్ని గ్లేజింగ్ అంటారు. పట్టీ మాడి, పైన గట్టి పొర కట్టిందన్నమాట. డ్రమ్ లోపల నీలంగా కమిలిపోయింది. మొదటి జత విప్పినప్పుడూ ఇదే చూశాను, కానీ అప్పుడు పట్టించుకోలేదు. నాసిరకం సరుకైతే లైనింగ్ పెచ్చులు లేస్తుంది, ఊడి పడుతుంది. ఇది కాలింది. రెండు వేరు వేరు కంపెనీల సరుకు ఒక్కలాగే కాలిందంటే తప్పు డబ్బాలో లేదు, దారిలో ఉంది. ఆ మాట అంటే సత్యం నా మీద పడతాడని, "కొత్త షూలు ఏయిత్తాను. రేపు నాను మీ ఎనకాలే ఒచ్చి సూత్తాను, ఆ తరవాత అమ్ముకో," అన్నాను.

మర్నాడు పొద్దున్న కళావతి డబ్బాలతో ముందు, నా స్కూటర్ మీద నేనూ, నా వెనక సత్యం. ఘాటీ మొదట్లో అమ్మవారి చిన్న గుడి ఉంది. లారీ అయినా, బస్సు అయినా అక్కడ ఆగి, దణ్ణం పెట్టుకుని, హుండీలో చిల్లర వేసి గాని కిందికి దిగదు. కళావతి కూడా ఆగింది. హ్యాండిల్‌కి కుంకుమబొట్టు పెట్టి, కాళ్ళతో రెండడుగులు తోసుకుని, దిగుడులోకి జారింది. నేను కొంచెం ఎడం ఇచ్చి వెనకే బయలుదేరాను.

మంచు కమ్ముకుని ఉంది. మలుపు దగ్గర ఆమె బ్రేకు నొక్కుతున్నట్టు తెలుస్తూనే ఉంది, బండి నెమ్మదిస్తోంది, కానీ వెనక ఎర్రలైటు వెలగడం లేదు.

"సూసేవా, బల్బు కూడా డూప్లికేటే!" అన్నాడు సత్యం నా చెవిలో.

నవ్వొచ్చింది. మరుక్షణమే ఆ నవ్వు ఎగిరిపోయింది. ముందు బండి నుంచి చప్పుడే లేదు. గాలి చప్పుడు, నా ఇంజిన్ చప్పుడు, అంతే. హారన్ కొట్టి, రోడ్డు వెడల్పుగా ఉన్నచోట ఆమెను ఆపించాను. చక్రం దగ్గర కమురు వాసన. సీసాలో నీళ్ళు డ్రమ్ మీద పోస్తే సుయ్‌మన్నాయి.

"ఏటమ్మా, ఇంజిన్ ఆపేసి దిగుతున్నావా?"

"ఔను మరి. అమ్మోరికాడ ఆపిన బండిని మళ్ళీ స్టార్ట్ సెయ్యడమెందుకు, అంతా దిగుడే కదా. పెట్రోలు మిగుల్తాది."

"ఎవులు సెప్పేరు?"

కళావతి మొగుడి వైపు చూసింది.

సత్యం నన్ను గదమాయించాడు. "నానే సెప్పేను. అయితే ఏటి? లారీని నూట్రల్లో ఇలాగే దింపీవోణ్ణి. ఈ ఘాటీలో అందరూ దింపుతారు."

గేర్లు లేని స్కూటర్‌లో క్లచ్ దానంతట అదే పట్టుకుంటుంది, కానీ ఇంజిన్ తిరుగుతుంటేనే. ఇంజిన్ ఆపి, నిలబడ్డచోటు నుంచి దొర్లిస్తే చక్రానికీ ఇంజిన్‌కీ సంబంధం ఉండదు. మనిషి బరువు, డబ్బాల బరువు, బండి బరువు మొత్తం ఆ చిన్న బ్రేకు షూల మీదే పడుతుంది. అవి కాలి, నున్నబడి, అసలు అవసరమైన మలుపులో జారిపోతాయి. దీన్నే బ్రేక్ ఫేడ్ అంటారు. నూట్రల్లో దిగే లారీకైనా ఇంతే. ఇంజిన్ నడుస్తుండగా ఒకసారి కొంచెం యాక్సిలరేటర్ ఇచ్చి, క్లచ్ పట్టుకున్నాక వదిలేస్తే, ఇంజినే బండిని వెనక్కి లాగి పెడుతుంది. అది ఇంజిన్ బ్రేకింగ్. గేర్లు లేవు కాబట్టి స్కూటర్‌కి అది ఉండదని చాలామంది అనుకుంటారు. పైగా తాళం ఆపేస్తే బ్రేకు లైటూ వెలగదు, వెనక వచ్చే లారీవాడికి మనం ఉన్నట్టే తెలియదు.

ఇదంతా చెబితే సత్యం వినే రకం కాదు. అందుకని మళ్ళీ గుడి దాకా ఎక్కాం. డ్రమ్ చల్లారే వరకూ టీ తాగాం. ఈసారి ఇంజిన్ ఆపకుండా దిగమన్నాను. కళావతి దిగింది. మలుపు మలుపుకీ ఎర్రలైటు వెలుగుతోంది. మళ్ళీ అదే చోట ఆగాం. నేను మొదట డ్రమ్ దగ్గర వేలు పెట్టి చూసి, తర్వాత అరచెయ్యి ఆనించాను. వెచ్చగా ఉంది, అంతే.

సత్యం కుంటుకుంటూ వచ్చి, రోడ్డు పక్క పిట్టగోడ పట్టుకుని కింద కూర్చుని తనూ చెయ్యి పెట్టాడు. తియ్యలేదు.

"మా లారీ ఓనరు డూప్లికేటు బ్రేకు లైనర్లు ఏయించేడు, అందుకే నా కాలు పోనాదనుకున్నాను ఇన్నాళ్ళూ," అన్నాడు చివరికి. "ఆణ్ణి తిట్టని రోజు నేదు."

"అదీ అయ్యుండొచ్చు సత్యం. ఇప్పుడు మనకి తెల్దు," అన్నాను. నిజంగానే తెలియదు.

"నాను దీనికి కూడా అదే నేర్పీసేను సావుకారూ," అన్నాడు. అతని గొంతు అంత చిన్నగా ఉండగలదని అప్పుడే తెలిసింది.

కళావతి కొంగుతో అతని చెయ్యి తుడిచింది. "మరి బండి అమ్మేత్తావా?" అని అడిగింది.

సత్యం లేచాడు. ఆమె సీటు వెనక కట్టిన డబ్బాలు విప్పి నా స్కూటర్ మీద పెట్టాడు. దెబ్బతిన్న కాలిని చేత్తో ఎత్తి అటువైపు వేసుకుని, ఆమె వెనక కూర్చున్నాడు. "ఎల్దాం పద. ఆలీసమైతే దుకాణాలోళ్ళు వేరేవోళ్ళ సరుకు ఎత్తేసుకుంటారు," అన్నాడు. ఆమె బండి స్టార్ట్ చేసింది. జయపురం దాకా వాళ్ళ చేగోడీలు నేనే మోశాను.

కళావతి బండికి ఇప్పటికీ జెన్యూన్ షూలే వేయిస్తారు, సత్యం మరోటి ఒప్పుకోడు. మొదట నేనిచ్చిన ఆఫ్టర్‌మార్కెట్ షూలైనా ఆమె దిగే పద్ధతికి ఇప్పుడు హాయిగా పనిచేస్తాయి, అది నా అనుభవం. అప్పటినుంచి బ్రేకు షూ అడిగినవాళ్ళను ముందు ఏ దారిలో వెళతారు, ఎలా దిగుతారు అని అడుగుతున్నాను. కొందరు విసుక్కుంటారు, పార్టు ఇవ్వవయ్యా అంటారు. విసుక్కోనీ. ఆ రోజు సత్యం నా కొట్టు ముందు అంత గొంతు చించుకున్నది, భార్య సాయంత్రానికి క్షేమంగా ఇల్లు చేరుతుందా అన్న దిగులుతో. ఆ భరోసా మాత్రం ఏ కంపెనీ కూడా డబ్బాలో పెట్టి అమ్మదు.