ద్వీపంలో దిగిన సుతారి, ఆగిన బెల్టు

ఆ రోజుల్లో మా నిజామాబాద్ వైపు విమానం అంటే పొలంలో నడుము ఎత్తి, చేయి నొసటికి అడ్డం పెట్టుకుని చూసే వస్తువు. దాని లోపల కూర్చునేవాళ్లు వేరే జాతి మనుషులని నా గట్టి నమ్మకం. డెబ్బయ్యో దశకం సగం దాటాక నేనూ ఆ జాతిలో కలిశాను. సముద్రం మధ్య బహ్రెయిన్ ద్వీపం, అక్కడ ఇళ్లు కట్టే కంపెనీలో పని. ఇప్పుడు కొత్తగా పోయే పిల్లలు వచ్చి, "తాతా, గా ఎయిర్‌పోర్టుల ఎటు పోవాలె, ఏం జెయ్యాలె?" అని అడుగుతుంటారు. ఏం చేయాలో ఎవరైనా చెబుతారు. ఏం చేయకూడదో చెప్పాలంటే నన్ను మించినవాడు జిల్లాలో లేడు.

అప్పటికి నాకు అక్షరం ముక్క రాదు. (నలభై దాటాక రాత్రిబడిలో నేర్చుకున్నాను, తప్పులుంటే ఆ బడిని అనండి.) ఏడాదిలో కొన్ని నెలలు బోధన్ చక్కెర కార్ఖానాలో చెరుకు దింపేవాణ్ణి. క్రషింగ్ బంద్ అయ్యాక ఊళ్లలో గోడలు కట్టే సుతారి పని. నాతో విమానం ఎక్కినవాడు బోధన్ దర్జీ భాయ్. ఉర్దూ చదివినవాడు కాబట్టి అక్కడి అరబ్బీ బోర్డులు చదివి దారి చూపిస్తాడని నా ధైర్యం. నిజంగానే చదివాడు. ప్రతి బోర్డు ముందూ ఆగి, గొంతు సవరించుకుని, గట్టిగా చదివాడు.

"ఏమున్నది భాయ్ గండ్ల?"

"లఫ్జ్ అయితె సాఫ్ ఉన్నయి. మత్లబ్ ఎవనికెర్క?"

"అర్థం తెల్వకుంటె మరి సదువుడెందుకు?"

"నువ్వు అడుగుతున్నవ్ కద."

ఇక బోర్డులను వదిలేసి ముందు నడుస్తున్న ఒక లావుపాటి పెద్దమనిషిని పట్టుకున్నాం. ఆయన ఎటు తిరిగితే మేమూ అటే. (మరుగుదొడ్డికి పోతే బయట కాపలా కూడా ఉన్నాం.) అలా పాస్‌పోర్టు మీద ముద్ర పడింది, సామాన్ల హాలుకు చేరాం. నా ప్రాణమంతా నా ముల్లె మీదే ఉంది. గొంగడిలో చుట్టి తాడుతో కట్టిన ఆ ముల్లెలో తాపీ, తూకం గుండు, రసమట్టం ఉన్నాయి. నిజామాబాద్‌లో ఏజెంటు ముందే చెప్పి పంపాడు: "పనిముట్లు సూపిచ్చినోడు సుతారి. సూపియ్యనోడు తట్ట మోస్తడు. ఆడికి పోయినంక నాతోని పంచాది వెట్టద్దు." ఇంటి దగ్గర పెళ్లానికీ, అత్తగారి ఊరంతటికీ సుతారిగా పోతున్నానని చాటి వచ్చినవాణ్ణి.

హాలులో నల్లటి రబ్బరు బెల్టు తిరుగుతోంది. దాన్ని చూడగానే నాకు అంతా అర్థమైంది, కొంప మునిగింది అక్కడే. కార్ఖానాలో చెరుకును మోసుకుపోయే క్యారియర్ అచ్చం ఇలాగే నడుస్తుంది. దాని చివర రోలర్లుంటాయి. అటు పోయిన చెరుకు పిప్పి అయి బయటపడుతుంది. పోకూడనిది ఏదైనా క్యారియర్ మీద కనిపిస్తే ముందు స్విచ్చి నొక్కాలి, తరువాతే అరవాలి. మొదటి రోజే చెప్పే పాఠం అది. ఇక్కడి బెల్టు గోడలోని ఒక సందులోంచి వచ్చి, హాలు చుట్టి, రబ్బరు తెరలు వేలాడే ఇంకో సందులోకి పోతోంది. నేను జనాన్ని చూస్తూ నిలబడ్డ ఆ కాసేపట్లోనే నా ముల్లె నన్ను దాటి ఆ తెరల వైపు సాగిపోయింది.

"భాయ్, నా ముల్లె రోలర్లకు పోతుంది."

"పోనీ తియ్. మళ్ల ఒస్తదేమొ."

"గండ్లకు పోయింది మళ్ల ఒస్తదా? బోధనోనివై గిట్ల మాట్లాడుతవేంది?"

భాయ్ ఆలోచించాడు. ఆయనా ఆ కార్ఖానా పొగ పీల్చి పెరిగినవాడే. "అరే," అన్నాడు నీరసంగా, "నా కుట్టు మిషిన్ అప్పుడే పోయింది మియా."

గోడకు ఎర్ర బొత్తాం ఉంది. ఎర్రది ఎందుకుంటుందో తెలియడానికి చదువు అక్కర్లేదు. నొక్కాను. బెల్టు ఆగింది, ఎక్కడో గంట మొదలైంది, హాలంతా మా వైపు తిరిగింది. ఉర్దూ మాట్లాడే గార్డు ఒకడు పరుగున వచ్చి ఎవడు ఆపాడని అడిగాడు. "మైనే రోకా సాబ్," అన్నాను, ఇనాం ఇస్తాడేమో అన్నంత ధీమాగా. "అందర్ రోలర్ హై. సామాన్ పిప్పి హోతా."

గార్డు మమ్మల్ని బెల్టు పక్కగా ఆ సందు దగ్గరికి లాక్కుపోయాడు. తరువాత మా ఇద్దరి మెడలూ పట్టి రబ్బరు తెరల కింద దూర్చాడు. లోపల ఇద్దరు కూలీలు పెట్టెల మీద కూర్చుని నారింజలు ఒలుచుకుంటున్నారు. పక్కనే ఆగిన బెల్టు మీద భాయ్ మిషిన్ క్షేమంగా ఉంది. గోడలోంచి మొలిచిన రెండు తలలను చూసి వాళ్ల చేతుల్లోని తొనలు జారిపోయాయి.

గంట ఆపి, గార్డు నా ముల్లె విప్పించాడు. తాపీని అటూ ఇటూ తిప్పి చూసి, "మిస్త్రీ?" అన్నాడు, సుతారివా అని.

"మిస్త్రీ," అన్నాను. హాలంతా నవ్వుతోంది, నేను మాత్రం ఛాతీ విరుచుకుని నిలబడ్డాను. బయట కంపెనీ మనిషి కూడా అదే మాట అడిగాడు. అదే జవాబు చెప్పి, తాపీ చూపించి, సుతారుల బండెక్కాను.

తరువాత అదే హాలులో చాలాసార్లు దిగాను. బోర్డులు చదవడం వచ్చింది, మత్లబ్ కూడా తెలిసింది. ఒకసారి నా పెట్టె రాలేదు. నలుగురితో పాటు వరసలో నిలబడి, చెప్పిన చోట వంకర టింకరగా సంతకం పెట్టి, మర్యాదగా ఖాళీ చేతులతో బయటికి వచ్చాను. దారి పొడవునా ఒకప్పటి ఆ గొంగడి ముల్లె కుర్రవాడే గుర్తొచ్చాడు. వాడైతే ఎయిర్‌పోర్టును ఆపేవాడు.